గెలిచావా? అయితే గెటౌట్!

2025 జూన్ 21న ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఫుట్‌బాల్ క్లబ్బు ఘనంగా ఒక ప్రకటన చేసింది. మేనేజర్ నూనో ఎస్పిరిటో శాంటో కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాడట. 2028 దాకా ఆయనేనట. అభిమానులు మురిసిపోయారు. మురిసిపోరా మరి? అంతకు ముందు సీజన్‌లో 17వ స్థానంలో వేలాడుతూ, కింది లీగ్‌లోకి జారకుండా చచ్చీచెడీ బయటపడ్డ జట్టది. ఏడాది తిరిగేసరికి ఏడో స్థానంలో కూర్చోబెట్టాడు. 65 పాయింట్లు. ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ మీద గెలుపు. అక్కడ అంతకు ముందు గెలిచింది 1969లో! 1996 తర్వాత మొహం వాచిపోయిన యూరప్ పోటీల్లో మళ్లీ చోటు.

సెప్టెంబర్ 9న ఊస్టింగ్.

మూడేళ్ల ఒప్పందానికి మూడు నెలలు కూడా నిండలేదు. కొత్త సీజన్‌లో ఆడిన మ్యాచ్‌లు మూడంటే మూడు. ఒకటి గెలుపు, ఒకటి డ్రా, ఒకటి ఓటమి. ఇదేమన్నా నేరాల చిట్టానా? పైగా ఆ ప్రకటన వచ్చింది అర్ధరాత్రి దాటాక. అద్దె బాకీ పడ్డవాడి సామాన్లు రోడ్డు మీద పడేసే ఇంటి ఓనరు కూడా తెల్లారేదాకా ఆగుతాడు కదండీ!

ఇంతకీ నూనో చేసిన పాపమేంటి? నోరు విప్పాడు. సీజన్ ముంచుకొస్తున్నా జట్టు సిద్ధంగా లేదన్నాడు. యజమానితో మునుపటి దగ్గరితనం లేదని విలేకరుల ముందు ఒప్పుకున్నాడు. అంతే. ఆ యజమాని పేరు ఎవాంజెలోస్ మరినాకిస్. గ్రీసు దేశపు ఓడల వ్యాపారి. అక్కడి ఒలింపియాకోస్ క్లబ్బూ ఆయనదే. 2025 మే 11న లెస్టర్‌తో మ్యాచ్ 2-2తో ముగియగానే ఆయన స్వయంగా మైదానంలోకి దిగి, నూనోతో చేతులు ఊపుతూ మాట్లాడటం ప్రపంచమంతా చూసింది. గాయపడ్డ ఆటగాడి గురించిన ఆందోళనే తప్ప మరేం లేదని తర్వాత వివరణ ఇచ్చారు. ఆ గాయం నిజంగానే తీవ్రమైంది. సరే, నమ్ముదాం. ఆ వెంటనే కొత్త ఒప్పందం కూడా ఇచ్చారుగా! ఇచ్చిన చేత్తోనే 80 రోజుల్లో చించారు, అది వేరే సంగతి.

నూనో కుర్చీలోకి ఎవరొచ్చారు? ఆంజ్ పోస్టెకోగ్లూ. ఆయన్నెక్కణ్నుంచి తెచ్చారు? టోటెన్‌హామ్ గేటు బయట నుంచి. అక్కడ ఆయన చేసిన ఘనకార్యం తెలుసుగా? 2025 మే 21న స్పెయిన్‌లోని బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించి యూరోపా లీగ్ కప్పు తెచ్చాడు. టోటెన్‌హామ్‌కు 17 ఏళ్లలో అదే మొదటి కప్పు. యూరప్ స్థాయిలో చూస్తే 1984 తర్వాత మొదటిది. వీధుల్లో ఊరేగింపు జరిగింది. పదహారు రోజులకు, జూన్ 6న, సరిగ్గా ఆయన నియామకం ప్రకటించి రెండేళ్లు నిండిన రోజున, ఇంటికి పంపారు. వార్షికోత్సవ కానుక!

న్యాయంగా మాట్లాడుకుందాం. ఆ సీజన్ లీగ్‌లో టోటెన్‌హామ్‌ది 17వ స్థానం. 38 మ్యాచ్‌ల్లో 22 ఓటములు. తీసేయడానికి కారణమే లేదని నేననను. కానీ కారణం చెప్పిన తీరు చూడండి. కప్పు గెలిచిన సంబరంలో, భావోద్వేగాల మీద ఆధారపడి నిర్ణయాలు తీసుకోలేమన్నది ఆ ప్రకటన సారాంశం. అబ్బో! భావోద్వేగాలు పనికిరావా? మరి జెర్సీలు అమ్మేది దేని మీద? సీజన్ టికెట్ ధర పెంచినా తాత కొన్న సీటని వదులుకోలేక మనవడు కట్టేది ఏ లెక్కల పుస్తకం చూసి? అమ్మేటప్పుడు గుండెకాయ, తీసేసేటప్పుడు కాలిక్యులేటర్. ఇదే క్లబ్బు 2021లో జోసే మొరీన్యోను లీగ్ కప్ ఫైనల్‌కు ఆరు రోజుల ముందు పీకేసింది. కప్పుకు ముందు ఒకణ్ని, కప్పు తర్వాత ఒకణ్ని. పాపం, ముహూర్తబలం మీద పట్టింపు లేనివాళ్లు.

ఇక ఫారెస్ట్‌లో పోస్టెకోగ్లూ వైభోగం ఎన్నాళ్లు? 39 రోజులు. ఎనిమిది మ్యాచ్‌లు. ఒక్క గెలుపూ లేదు. అక్టోబర్ 18న చెల్సీ చేతిలో 0-3తో ఓడారు. యజమాని ఆట ముగియకముందే సీట్లోంచి లేచి వెళ్లిపోయాడు. చివరి విజిల్ మోగిన నిమిషాల్లోనే ఉద్వాసన ప్రకటన. ఆటగాళ్లు స్నానమైనా చేశారో లేదో! తర్వాత షాన్ డైష్ వచ్చాడు. అక్టోబర్ దాటకముందే ఒకే సీజన్‌లో మూడో మేనేజర్.

ఇంకో తమాషా చెప్పాలి. నూనోకు ఫారెస్ట్‌లో ఆఖరి మ్యాచ్ ఆగస్టు 31న. వెస్ట్‌హామ్ వచ్చి 3-0తో చితక్కొట్టింది. ఆ వెస్ట్‌హామ్ మేనేజర్ గ్రాహమ్ పాటర్. సెప్టెంబర్ 27న ఆ పాటర్‌కూ ఊస్టింగే. ఆయన కుర్చీలో కూర్చున్నదెవరో చెప్పుకోండి? నూనో! గెలిచినవాడు ఇంటికి, ఓడినవాడు వాడి కుర్చీకి. దీన్ని వీళ్లు దీర్ఘకాలిక ప్రణాళిక అంటారు. మనమైతే మ్యూజికల్ చైర్స్ అంటాం. పిల్లల పుట్టినరోజులకు ఆడిస్తాం. అక్కడ ఓడినవాడికి చాక్లెట్ ఇస్తారు, ఇక్కడ కోట్లు.

కోట్ల సంగతి వచ్చింది కాబట్టి మాంచెస్టర్ యునైటెడ్ గుమ్మం తొక్కాల్సిందే. 2024 మేలో ఎరిక్ టెన్‌హాగ్ ఎఫ్ఏ కప్ గెలిచాడు. జులైలో ఒప్పందం 2026 దాకా పొడిగించారు. అక్టోబర్ 28న తీసేశారు. ఆయన్నీ ఆయన సహాయకులనూ సాగనంపడానికి అయిన ఖర్చు కోటీ నాలుగు లక్షల పౌండ్లని క్లబ్బు లెక్కల్లోనే తేలింది. మన డబ్బుల్లో నూరు కోట్లకు పైమాటే. జులైలో సంతకం పెట్టకపోతే ఈ బిల్లు ఇంత అయ్యేదా? ఆ సంతకం పెట్టించిన మహానుభావులకు ఎంత కోత పడింది?

కోత ఎవరికి పడిందో చెప్తా వినండి. అదే క్లబ్బు పొదుపు పేరుతో 2024లో దాదాపు 250 మంది ఉద్యోగులను తొలగించింది. 2025 ఫిబ్రవరిలో ఇంకో 150 నుంచి 200 మందికి అదే గతి అని చెప్పింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సిబ్బందికి పెట్టే ఉచిత మధ్యాహ్న భోజనం ఆపేసింది. పండ్లు తినమంది. టికెట్ కనీస ధర సీజన్ నడుమ 66 పౌండ్లు చేసింది. పిల్లలకూ పెన్షనర్లకూ రాయితీ లేకుండా చేసింది. అంటే లెక్క ఏమిటి? తమ తప్పుడు సంతకానికి నూరు కోట్లు. టికెట్లు చింపే మనిషికి అరటిపండు. ఇదీ ఆర్థిక క్రమశిక్షణ! ఎవరి కడుపు మీద కొట్టి ఎవరి తలకాయ కాపాడుకుంటున్నారు?

మాటలకు మాత్రం లోటుండదు. లెస్టర్ సిటీ గుర్తుందా? 132 ఏళ్ల చరిత్రలో మొదటిసారి లీగ్ టైటిల్. 2016లో ఇప్పించినవాడు క్లాడియో రానియేరి. మరుసటి సీజన్‌లో జట్టు తడబడింది. 2017 ఫిబ్రవరి 7న క్లబ్బు ఆయనకు తమ అచంచలమైన మద్దతు ప్రకటించింది. ఫిబ్రవరి 23న సాగనంపింది. అచంచలం ఆయుర్దాయం పదహారు రోజులన్నమాట! ఫుట్‌బాల్‌లో యజమాని నోట మద్దతు అనే మాట వినపడిందంటే ఆ కోచ్ ఇంట్లో పెట్టెలు సర్దుకోవడం మొదలెట్టాలి. ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. అయినా ఆ ప్రకటనలు రాసేవాళ్లకు సిగ్గు మాత్రం రాలేదు.

రియల్ మాడ్రిడ్ మరీ ఘనులు. విసెంటే దెల్ బోస్కె నాలుగు సీజన్లలో రెండు ఛాంపియన్స్ లీగ్‌లు, రెండు లీగ్ టైటిళ్లు తెచ్చాడు. 2003లో టైటిల్ గెలిచిన మరునాడే ఒప్పందం పొడిగించేది లేదన్నారు. మీసాల మాస్టారు, పాతకాలం మనిషి. క్లబ్బుకు ఆధునికత కావాలట. ఆధునికుడు కార్లోస్ కేరోష్ వచ్చాడు. నాలుగో స్థానం తెచ్చాడు. ఒక్క సీజన్‌తో సరి. ఆ పాతకాలం మాస్టారు తర్వాత ఏం చేశాడు? స్పెయిన్‌కు 2010 ప్రపంచ కప్, 2012 యూరో కప్ గెలిపించాడు. మీసాలు తీయకుండానే.

మార్పు ఎప్పుడూ తప్పేనా అని అడిగేవాళ్లుంటారు. కాదు. 2021 జనవరిలో చెల్సీ ఫ్రాంక్ లాంపార్డ్‌ను తీసి థామస్ టుఖెల్‌ను తెచ్చింది. మే నెలకల్లా ఛాంపియన్స్ లీగ్ ఇంట్లో ఉంది. శభాష్. మరి ఆ టుఖెల్ ఏమయ్యాడు? క్లబ్బు చేతులు మారింది. కొత్త యజమానులు ఒక వేసవి మొత్తం ఆయన కోసమంటూ ఆటగాళ్ల మీద కోట్లు గుమ్మరించారు. బదిలీల బజారు మూతపడిన వారంలోనే, 2022 సెప్టెంబర్ 7న, ఆయన్నే పీకారు. బ్రైటన్‌లో హాయిగా పనిచేసుకుంటున్న ఒకాయన్ను ఐదేళ్ల ఒప్పందంతో ఎత్తుకొచ్చారు. ఎవరాయన? మన గ్రాహమ్ పాటరే! ఆ ఐదేళ్ల ఒప్పందం ఏడు నెలలు కూడా నిలవలేదు. చెల్సీ ఆ సీజన్ 12వ స్థానంలో తేలింది. ఒప్పందం అంటే ఎన్నేళ్లు ఉంటావనే మాట కాదిప్పుడు, ఎంత పుచ్చుకుని పోతావనే బేరం.

ఇప్పుడు అసలు దోషుల్లో ఇంకొకరి దగ్గరికి వస్తాను. నొచ్చుకోవద్దు. అభిమానులండీ, మీరే.

లండన్‌లో చార్ల్‌టన్ అథ్లెటిక్ అని ఒక క్లబ్బు. 1991లో అలన్ కర్బిష్లీ, స్టీవ్ గ్రిట్ కలిసి పగ్గాలు పట్టుకునేనాటికి దానికి సొంత మైదానంలో ఆడే గతి కూడా లేదు. వెస్ట్‌హామ్ గడ్డ మీద అద్దెకు ఆడేది. 1992లో సొంత గూటికి చేరింది. 1998లో ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది. ఒకసారి జారింది, 2000లో మళ్లీ ఎక్కింది. 2004లో ఏకంగా ఏడో స్థానం. తర్వాత నడిమి స్థానాల్లో నింపాదిగా, అప్పుల్లో మునగకుండా, కిందపడే భయం లేకుండా. ఇంతకన్నా ఏం కావాలి ఒక చిన్న క్లబ్బుకు?

జనానికి విసుగొచ్చింది. ప్రతి ఏడూ ఇదేనా, ఇంకో మెట్టు ఎక్కొద్దా అన్నారు. 2006 మేలో, పదిహేనేళ్ల తర్వాత, క్లబ్బూ కర్బిష్లీ పరస్పరం ఒప్పుకుని విడిపోయారు. చప్పట్లు, పూలగుత్తులు, కన్నీళ్లు. తర్వాతి మెట్టు కోసం ఇయాన్ డోవీ వచ్చాడు. పన్నెండు లీగ్ మ్యాచ్‌లకే ఇంటికి. లెస్ రీడ్ వచ్చాడు. ఆరు వారాలు కూడా నిండకుండా క్రిస్మస్ ముందు రోజు సెలవు. అలన్ పార్డ్యూ వచ్చాడు. ఒకే సీజన్‌లో ముగ్గురు. 2007లో జట్టు కింది లీగ్‌కు జారింది. 2009లో ఇంకా కిందికి, మూడో అంచెకు. మెట్టు ఎక్కారు కదా? దిగే మెట్లే ఎక్కువ కనపడ్డాయి. 2025లో ప్లేఆఫ్ గెలిచి మూడో అంచె నుంచి రెండో అంచెకు వస్తే ఆ ఊరు పండగ చేసుకుంది. ఒకప్పుడు విసుగు పుట్టించిన ఆ నడిమి స్థానం ఇప్పుడెవరైనా ఇస్తే కళ్లకద్దుకోరూ?

ఫారెస్ట్‌కు ఈ పాఠం పక్క ఊళ్లో నేర్చుకోనక్కర్లేదు. సొంత చరిత్ర చదివితే చాలు. 1974లో లీడ్స్ క్లబ్బు 44 రోజులకే తరిమేసిన బ్రయాన్ క్లఫ్‌ను మరుసటి ఏడు ఫారెస్ట్ తెచ్చుకుంది. రెండో డివిజన్‌లో ఉన్న జట్టది. 1978లో లీగ్ టైటిల్, 1979లోనూ 1980లోనూ యూరోపియన్ కప్పులు. సరే, ఆ తర్వాత? 1989 దాకా ఒక్క పెద్ద కప్పూ లేదు. తొమ్మిదేళ్లు! ఇవాళ్టి యజమానులైతే ఆ తొమ్మిదేళ్లలో ఎందర్ని మార్చేవాళ్లు? క్లఫ్ మాత్రం 18 ఏళ్లు ఉన్నాడు. ఊరి నడిబొడ్డున ఆయన కంచు విగ్రహం ఉంది. విగ్రహానికి దండలు, వారసులకు దండన.

ఇదంతా ఇంగ్లండ్ బాగోతం, మనకెందుకంటారా? మన బాగోతం అంతకన్నా ఏం తీసిపోయింది? అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇగోర్ స్టిమాచ్‌కు 2023లో ఒప్పందం 2026 దాకా పొడిగించింది. ఆ ఏడాది ఆయన శాఫ్ కప్పు సహా మూడు ట్రోఫీలు తెచ్చాడు. 2024 జూన్‌లో ప్రపంచ కప్ అర్హత పోటీల్లో ఓడగానే తీసేసింది. వివాదం తెగడానికి నాలుగు లక్షల డాలర్లు చెల్లించింది. ఎవడబ్బ సొమ్ము? ఆ స్థానంలోకి తెచ్చిన మనోలో మార్క్వెజ్‌కు ఇది రెండో ఉద్యోగం. గోవా క్లబ్బుకూ ఆయనే కోచ్! నూట నలభై కోట్ల మంది దేశానికి పార్ట్‌టైమ్ గురువు. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపుతో 2025 జులైలో ఆయనా వెళ్లిపోయాడు.

ఆ మార్క్వెజ్ పేరు హైదరాబాద్ వాళ్లకు కొత్త కాదు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ కప్పు తెచ్చింది ఆయనే. ఆయన వెళ్లిన మరుసటి సీజన్‌లో ఆటగాళ్లకు జీతాలు లేవు. విదేశీయులు పెట్టె సర్దేశారు. జట్టు ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున తేలింది. 2025కల్లా చేతులు మారి, పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. చూశారా, మనవాళ్లు ఇంగ్లండ్ వాళ్లకన్నా రెండాకులు ఎక్కువ చదివారు. వాళ్లు మేనేజర్‌ను పంపిస్తారు. మనవాళ్లు క్లబ్బునే పంపించారు.

ఇదే నగరంలో సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుంచి 1963లో కన్నుమూసే దాకా సిటీ పోలీస్ జట్టును నడిపాడు. 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టాడు. దేశాన్ని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్లాడు. మెల్‌బోర్న్‌లో పతకం మాత్రం రాలేదు. ఇవాళైతే ఆ రాత్రే రహీం సాబ్ ఔట్ అని హ్యాష్‌ట్యాగ్ మోగిపోయేది. 1962 జకార్తా స్వర్ణం ఎవరు తెచ్చేవాళ్లు మరి? 1962 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఇంకో స్వర్ణం లేదు.

అందుకని తమ్ముళ్లూ, అర్ధరాత్రి దాటాక గుంటూరులోనో వరంగల్‌లోనో డల్లాస్‌లోనో ఫోన్ పట్టుకుని, రెండు మ్యాచ్‌లు పోగానే మేనేజర్ ఔట్ అని టైపు చేసేముందు ఒక్క క్షణం ఆగండి. చెత్త ఆటగాణ్ని కొన్నదెవరు? గాయాల సీజన్‌లో సరైనవాళ్లను కొనివ్వనిదెవరు? నిరుడు పొగిడి ఒప్పందం పొడిగించిందెవరు? వాళ్ల పేర్లు ఎప్పుడైనా టైపు చేశారా? మీరు అరిచేదే వాళ్లకు కావాలి. మీ అరుపును సాక్ష్యంగా చూపించి, తమ తప్పును ఒకడి నెత్తిన పెట్టి గేటు బయటికి తోస్తారు. ఏడో స్థానంలో నిలబెట్టినవాణ్ని మార్చాలా అంటే నా జవాబు ఒక్కటే. ఇంతకన్నా మంచివాడు ఎవరో, అతనికి ఎన్నేళ్లు ఇస్తారో, అతను తడబడితే తాము ఏం పోగొట్టుకుంటారో ముందు బోర్డు చెప్పాలి. చెప్పలేకపోతే కుర్చీ ముట్టుకోకూడదు.

లీగ్ పెద్దలు చేయాల్సింది కూడా ఒక్కటుంది. నడుమ తెంపిన ప్రతి ఒప్పందానికీ నష్టపరిహారం క్లబ్బు ఖాతాలోంచి కాకుండా, దాని మీద సంతకం పెట్టిన డైరెక్టర్ల సొంత జేబుల్లోంచి కట్టించండి. ఒక్క సీజన్ చాలు. ప్రతి మేనేజరూ పదేళ్లుంటాడు.